కర్రల పొయ్యి, పొగ గొట్టం శుభ్రంగా, భద్రంగా ఉంచుకోవడం ఎలా

ఒడిశాలో సిమిలిగుడ, పొట్టంగి, నందపూర్, కొరాపుట్ వైపు మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో గ్యాస్ వచ్చి ఏళ్ళయినా కర్రల పొయ్యి మాత్రం పోలేదు, పోదు కూడా, ఎందుకంటే స్నానానికి వేడినీళ్ళు, పశువులకి కుడితి, పండక్కి పెద్ద వంట, పొద్దున్నే చలి కాగడం అన్నీ దాని మీదే. 1672 మీటర్ల దేవమాలి కొండ పక్కనే పెట్టుకుని నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నిప్పు లేకుండా ఉండమంటే ఎవరు ఉంటారు చెప్పండి. అయితే రోజూ వాడే ఈ పొయ్యిని చూసుకోవడం గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, పొగ గొట్టం మూసుకుపోయి ఇల్లంతా పొగ నిండినప్పుడే గుర్తొస్తాది. అందుకే మట్టి పొయ్యి అయినా, రేకు గొట్టం పెట్టిన ఇనప పొయ్యి అయినా, పాత బంగళాల్లో గోడలో కట్టిన పొయ్యి అయినా పనికొచ్చేలా మొదటి నుంచి చివరి దాకా ఏం చెయ్యాలో రాస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతా పనులన్నీ దాని మీదే నడుస్తాయి. మసి అంటే పూర్తిగా కాలకుండా మిగిలిపోయిన కర్ర. కర్ర వేడెక్కితే ముందు దాన్లోంచి రకరకాల గ్యాసులు, తారు ఆవిరి బయటికొస్తాయి, మంట బాగా వేడిగా ఉండి గాలి సరిపడా ఆడితే అవి కూడా కాలిపోయి సెగ ఇస్తాయి. మంట చల్లగా ఉంటే అవి కాలకుండానే పొగగా గొట్టంలోకి ఎక్కుతాయి, అక్కడ సుమారు 120 డిగ్రీల కంటే చల్లబడితే గొట్టం లోపలి గోడకి జిగురులా పట్టేసి గట్టిపడతాయి, దాన్నే క్రియోసోట్ అంటారు. అది మళ్ళీ అంటుకునే సరుకే. అంటే మీ గొట్టం లోపల వంటకి పనికిరాని ఇంధనం పేరుకుంటా ఉందన్నమాట, ఒకరోజు గట్టిగా మంట పెడితే ఆ గొట్టమే అంటుకుంటాది. కాబట్టి పొయ్యి శుభ్రం చెయ్యడం చీపురుతో కాదు, కర్ర కొనేటప్పుడే మొదలెట్టాలి.

కర్ర సంగతి

అప్పుడే కొట్టిన పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు ఆవిరి అవ్వడానికే మంట వేడంతా పోతాది, మంట చల్లబడతాది, పొగ ఎక్కువ అవుతాది, గొట్టంలో జిగురు పెరుగుతాది. తేమ 20 శాతం కంటే తక్కువకి దిగిన కర్రే కాల్చాలి. అలా దిగడానికి చీల్చి పేర్చిన కర్రకి కనీసం ఆరు నెలలు, లావు దుంగలకి ఏడాది పైనే పడతాది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు ఒక రేంజ్‌లో ఉంటాయి కాబట్టి ఏ నెలలో కొంటున్నామన్నది చాలా ముఖ్యం. సంక్రాంతి దాటాక జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే చలికాలానికి కర్ర కొనేసి, వెంటనే చీల్చేసి, ఎండాకాలం నాలుగు నెలలూ ఎండబెట్టి, వానలకి ముందు పైన కప్పేస్తే నవంబర్‌కి పొయ్యిలోకి రెడీ. అక్టోబర్‌లో చలి మొదలయ్యాక సంతలో మోపు కొనుక్కొచ్చి అదే వారం కాల్చేవాళ్ళకి ఎంత తుడిచినా గొట్టం నల్లగానే ఉంటాది.

పేర్చేటప్పుడు నేల మీద డైరెక్టుగా పెట్టకండి, కింద రెండు వరసలు ఇటుకలో, పాత దూలాలో వేసి దాని మీద పేర్చండి, చెద పట్టదు, చెమ్మ ఎక్కదు. కప్పేటప్పుడు పైన మాత్రమే రేకో టార్పాలినో వేసి పక్కలు వదిలెయ్యండి, చాలామంది టార్పాలిన్ని నేల దాకా లాగి తాడు కట్టేస్తారు, లోపల చెమ్మ బయటికి పోయే దారి లేక కర్ర బూజు పడతాది. ఇంటి గోడకి ఆనించి పేర్చడం కూడా వద్దు, నిప్పురవ్వ పడితే ఇంటికే అంటుకుంటాది, పాములు, తేళ్ళు ఎలాగూ చేరతాయి కాబట్టి చీకట్లో టార్చ్ లేకుండా కర్ర లాగకండి.

ఎండిందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఎండిన కర్ర చివర్లలో గీతల్లా పగుళ్ళు వస్తాయి, బెరడు చేత్తో లాగితే ఊడొస్తాది, రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే టక్‌మని గట్టి చప్పుడు వస్తాది, పచ్చిదైతే మందంగా వినపడతాది. పొయ్యిలో పెట్టాక చివర్ల నుంచి నురగ కక్కుతూ సుయ్‌మంటే అది ఇంకా పచ్చిదే, తీసి పక్కన పెట్టండి. ఇంకా నమ్మకంగా కావాలంటే కుప్పలోంచి ఒక ముక్కకి గుర్తు పెట్టి కాటా మీద వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే. తేమ కొలిచే చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, దాంతో కొలిస్తే కర్రని మధ్యకి చీల్చి లోపలి వైపు కొలవండి, పై బెరడు మీద పెడితే తప్పు చూపిస్తాది.

ఏ కర్ర మంచిది అంటే, నీలగిరి గట్టిగా కాలతాది, ఎక్కువ సేపు నిలుస్తాది కానీ ఆరడానికి టైమ్ తీసుకుంటాది, పైగా ఎండాక గొడ్డలికి లొంగదు, పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేసుకోవాలి. కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు తేలికగా ఉంటాయి, తొందరగా ఆరతాయి, తొందరగా కాలిపోతాయి, పొయ్యి రాజేయడానికి బాగుంటాయి. శ్రీకాకుళం, బరంపురం సముద్రం వైపు నుంచి వచ్చే సరుగుడు దొరికితే వదలకండి, మంట నిలకడగా ఉంటాది. తుమ్మ, చింత బొగ్గు బాగా ఇస్తాయి. వెదురు కాల్చాలంటే ముందు చీల్చండి, కణుపుల మధ్య గాలి మూసుకుని ఉంటాది కాబట్టి వేడికి ఢామ్మని పేలి నిప్పులు మొహం మీద పడతాయి. గన్నేరు కర్ర పొయ్యిలో పెట్టకూడదు, చెట్టంతా విషమే, దాని పొగ కూడా మంచిది కాదు. రాయగడ, గజపతి జిల్లాల వైపు జీడి పిక్కల పెంకులు చవగ్గా దొరుకుతాయని పొయ్యిలో వేస్తారు కొంతమంది, ఆ పెంకులో నూనె చర్మాన్ని కాల్చేస్తాది, దాని పొగ కళ్ళకీ గొంతుకీ చాలా చెడ్డది, ఇంట్లో పొయ్యికి అస్సలొద్దు. పెయింటేసిన చెక్క, ప్లైవుడ్, పాత తలుపు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, ఇవేవీ పొయ్యిలోకి వెళ్ళకూడదు, ఆ పొగ పీల్చేది ముందు పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మే.

రాజేయడం

కిరోసిన్, పెట్రోల్ పొయ్యొద్దు. ముఖ్యంగా నిప్పు ఆరినట్టు కనపడుతూ లోపల కణికలు ఉన్న పొయ్యి మీద పోస్తే ఆవిరి ఒక్కసారిగా అంటుకుని సీసా దాకా వస్తాది, మనుషులు కాలిపోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. ఎండు కొబ్బరి పీచు, తాటాకు, సన్న పుల్లలు చాలు.

ముందు పొయ్యి లోపల పాత బూడిద గాలికి అడ్డం రాకుండా జరపండి. చలి రోజుల్లో గొట్టంలో చల్లగాలి కూర్చుని ఉంటాది, అప్పుడు రాజేస్తే పొగ పైకి పోకుండా ఇంట్లోకి తిరిగొస్తాది. ఒక కాగితం ముక్కో గుప్పెడు ఎండుగడ్డో అంటించి గొట్టం మొదట్లో పెట్టి అర నిమిషం కాలనిస్తే గొట్టం వేడెక్కి పొగని లాగడం మొదలెడతాది, అప్పుడు కింద పుల్లలు అంటించండి. తర్వాత సన్న కర్ర, తర్వాత లావు కర్ర. ఒకేసారి నోటి నిండా కుక్కకండి. గాలి అందక కుతకుతా పొగలతో మండే పెద్ద మంట కంటే పసుప్పచ్చగా ధాటిగా మండే చిన్న మంటే శుభ్రం, కర్ర కూడా తక్కువ ఖర్చవుతాది. రాత్రంతా నిలవాలని లావు దుంగ పెట్టి గాలి మూసేసి పడుకోవడం అందరికీ అలవాటే కానీ గొట్టంలో తారు పట్టేది ఎక్కువగా అప్పుడే.

బయటికెళ్ళి గొట్టం చివర చూడండి. మొదటి పది నిమిషాలు పొగ కనపడటం మామూలే, ఆ తర్వాత కూడా దట్టంగా బూడిద రంగు పొగ వస్తుంటే కర్ర తడిదైనా అయ్యుండాలి, గాలైనా చాలకపోయుండాలి. గొట్టం పైన వేడి గాలి ఆడుతున్నట్టు మాత్రమే కనపడి పొగ కనపడకపోతే బాగా కాలుతున్నట్టు.

బూడిద తీయడం

రోజూ తియ్యక్కర్లేదు, మట్టి పొయ్యికి అడుగున ఒక అంగుళం బూడిద ఉంటే మంచిదే, వేడి నిలబెడతాది. అంతకంటే పెరిగితే తియ్యండి. జాలీ ఉన్న ఇనప పొయ్యి అయితే జాలీ కింద బూడిద దాన్ని తాకకుండా చూసుకోవాలి, తాకితే గాలి ఆడదు, జాలీ కూడా వేడికి వంగిపోతాది.

బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల కణికలు మూడు నాలుగు రోజుల దాకా బతికే ఉంటాయి. కాబట్టి ప్లాస్టిక్ బకెట్‌లోకి, గోనెసంచిలోకి, అట్టపెట్టెలోకి ఎత్తకండి. మూతున్న ఇనప బకెట్‌లో ఎత్తి, ఇంటికీ గడ్డివాముకీ కర్రల కుప్పకీ దూరంగా రాయి మీద పెట్టి మూత వేసి ఉంచండి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గాలి మొదలవుతాది, చుట్టూ గడ్డి ఎండిపోయి ఉంటాది, అప్పుడు పెరట్లో ఊరికే పారబోసిన బూడిద నుంచి కొండ అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు. పారబోసే ముందు నీళ్ళు చల్లి కర్రతో కెలికి మళ్ళీ చల్లండి.

చల్లారిన బూడిద మాత్రం పారేయకండి. మన కొరాపుట్ ఎర్ర నేలలు ఎక్కువగా పులుపు నేలలు, బూడిద క్షారం, పైగా పొటాష్ ఉంటాది, కూరగాయ మడుల్లో పలచగా చల్లితే పనిచేస్తాది. యూరియాతో కలిపి మాత్రం వెయ్యొద్దు, కలిస్తే యూరియాలో నత్రజని అమోనియాగా గాలిలోకి పోతాది. గిన్నెలు తోమడానికి వాడితే చేతులకి ఎక్కువసేపు ఉంచుకోకండి, తడి బూడిద చర్మాన్ని తినేస్తాది.

గొట్టం తుడవడం

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, అసలు పని ఇదే.

ఎన్నాళ్ళకోసారి తుడవాలి అంటే తారీఖుని బట్టి కాదు మసి మందాన్ని బట్టి. గొట్టం లోపల పుల్లతో గీకి చూడండి, మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం ఉంటే తుడిచెయ్యాలి, ఆరు మిల్లీమీటర్లు ఉంటే తుడిచే దాకా పొయ్యి వెలిగించకూడదు. రోజూ వాడే ఇంట్లో చలికాలం ముందు ఒకసారి, మధ్యలో నెలకోసారి చూడటం, చలి అయిపోయాక ఇంకోసారి తుడవడం సరిపోతాది. చివరిది చాలామంది వదిలేస్తారు, వానాకాలం చెమ్మ మసితో కలిసి ఇనప గొట్టాన్ని తుప్పు పట్టించి కన్నాలు పెడతాది కాబట్టి అది కూడా అంతే ముఖ్యం.

మసి మూడు రకాలుగా కనపడతాది. నల్లటి మెత్తటి పొడి అయితే బ్రష్‌కి వచ్చేస్తాది. నల్లగా మెరిసే పెళుసు పెంకుల్లా ఉంటే గట్టి బ్రష్ కావాలి, కొంచెం కష్టపడాలి. తారు పోసినట్టు నున్నగా గాజులా మెరుస్తూ ఉంటే బ్రష్‌కి రాదు, ఆ గొట్టం మార్చేయడమే, జీఐ గొట్టం, అంటే జింక్ పూత పూసిన ఇనప గొట్టం, దాని ఖర్చు ఇల్లు కాలిన ఖర్చు ముందు ఎంత. దాన్ని పెద్ద మంట పెట్టి కాల్చేద్దాం అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, వినకండి, అది చేతులారా గొట్టానికి నిప్పు పెట్టడమే.

పనికి ముందు పొయ్యి పూర్తిగా చల్లారి ఒక రోజు అవ్వాలి. పాత బట్టలు, పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్ళద్దాలు, ముక్కుకి ఎన్95 మాస్క్ వేసుకోండి, తువ్వాలు కట్టుకుంటే సన్న మసి ఆగదు. ఇది అతి జాగ్రత్త అనుకోవద్దు, 1775లోనే లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ చిన్నప్పటి నుంచి పొగ గొట్టాలు తుడిచినవాళ్ళకి మసి వల్ల చర్మ క్యాన్సర్ వస్తోందని రాశాడు, ఒక పని వల్ల క్యాన్సర్ వస్తాదని చూపించిన మొదటి సంగతుల్లో అదొకటి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి బట్టలు విడిగా ఉతకండి.

పొయ్యి నోరు తడి గోనెసంచితో మూసెయ్యండి, లేకపోతే మసంతా ఇంట్లోకే. బియ్యం డబ్బాలు, బట్టలు పక్క గదిలోకి పంపించండి. గొట్టం లోపలి కొలతకి సరిపడా బ్రష్ హార్డ్‌వేర్ షాపులో దొరికితే సరే, పొడుగాటి వెదురుకి గట్టిగా కట్టుకోవచ్చు. దొరక్కపోతే ఇంకో పద్ధతి ఉంది, గొట్టంలో బిగుతుగా దూరేలా గోనెగుడ్డ ఉండ చుట్టి లోపల చిన్న రాయి పెట్టి, పైకో తాడు కిందకో తాడు కట్టి, పైన ఒకరు కింద ఒకరు ఉండి అటూ ఇటూ లాగితే మసి రాలిపోతాది. పైనున్న మనిషి రాయిని ఊరికే వదిలెయ్యకూడదు, కింద పొయ్యి మట్టి పగిలిపోతాది. మోచేతి వంపు ఉన్న గొట్టం అయితే మసి ఎక్కువ అక్కడే చేరతాది, వంపు ముక్క విప్పి బయటకి తీసుకెళ్ళి విడిగా దులపండి.

పైకప్పు ఎక్కే సంగతి. సిమెంట్ రేకుల ఇల్లయితే రేకు మీద కాలు పెట్టకండి, పైకి గట్టిగా కనిపించే పాత రేకు కాలు పెట్టగానే విరిగిపోయి మనిషి కింద పడతాడు. నిచ్చెన గోడకి ఆనించి పక్క నుంచి అందేలా చూసుకోండి, లేదా పలక అడ్డంగా వేసి దూలాల మీద బరువు పడేలా చెయ్యండి, అది కూడా కుదరకపోతే గొట్టాన్ని కింద నుంచే విప్పి తుడవండి. మంచు పడ్డ పొద్దున్న పెంకులు జారతాయి, ఎండ వచ్చాక ఎక్కండి, ఒక్కరే ఎక్కొద్దు.

మీది పాత పొగలేని పొయ్యి అయితే ఇంకొకటి చూడండి. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు 1950ల మొదట్లోనే గొట్టం ఉన్న పొగలేని పొయ్యి తయారుచేసి వంటింట్లో ఆడవాళ్ళ కళ్ళు, ఊపిరితిత్తుల గురించి పట్టించుకున్నారు, తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పొయ్యిల ప్రోగ్రామ్ దేశమంతా నడిపింది. అప్పట్లో పెట్టిన గొట్టాల్లో ఆస్బెస్టాస్ సిమెంట్‌వి ఉండేవి. అలాంటి గొట్టాన్ని ఎండుగా గీకితే సన్న పీచు గాలిలోకి లేస్తాది, ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. దాన్ని గీకడం, కొయ్యడం, పగలగొట్టడం వద్దు, తడిపి జాగ్రత్తగా దించి జీఐ గొట్టం పెట్టించుకోండి.

కొత్త గొట్టం బిగించేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి చూడండి. పై ముక్క సన్న చివర కింది ముక్క లోపలికి దిగాలి, అప్పుడే లోపల కారిన తారు లోపల నుంచే కిందకి దిగుతాది. తిరగేసి బిగిస్తే ప్రతి అతుకు దగ్గరా నల్లటి చారలు గోడ మీదకి కారతాయి. గొట్టం కప్పు దాటిన చోట కనీసం మూడు అడుగులు పైకి ఉండాలి, పది అడుగుల లోపు ఉన్న ఇంటి కొప్పు కంటే రెండు అడుగులు ఎత్తు ఉండాలి, లేకపోతే కొండగాలికి పొగ వెనక్కి కొడతాది. పైన వానకి టోపీ, దాని చుట్టూ నిప్పురవ్వలు బయట పడకుండా జాలీ పెట్టించండి. ఆ జాలీ కూడా మసితో మూసుకుపోతాది, వానాకాలంలో పిట్టలు గూడు కడతాయి, అందుకే చలికాలం మొదటి మంటకి ముందు పైకి చూడటం తప్పనిసరి. గడ్డి కప్పు ఇల్లయితే గొట్టం గడ్డిని తాకకూడదు, చుట్టూ వెడల్పాటి రేకు పెట్టి మధ్యలో ఖాళీ ఉంచాలి, కుదిరితే గొట్టాన్ని కప్పులోంచి కాకుండా గోడలోంచి బయటకి తీసి పైకి లేపడమే మేలు.

పొయ్యి ఒళ్ళు, చుట్టూ జాగా

మట్టి పొయ్యి పగుళ్ళలోంచి పొగ గదిలోకి వస్తాది, గొట్టం లాగే బలం కూడా తగ్గుతాది. చీకటి పడ్డాక పొయ్యి వెలిగించి టార్చ్ వేసి చూస్తే ఎక్కడ పొగ కారుతుందో తెలుస్తాది. పుట్టమన్ను, ఇసుక, ఊక కలిపి ముద్ద చేసి, పగులుని ముందు తడిపి నింపండి, రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి తర్వాత సన్న మంటతో మొదలెట్టండి, తడి మీద పెద్ద మంట పెడితే మళ్ళీ అక్కడే పగులుతాది. ఆ పైన అలుకు మామూలే.

పొయ్యి చుట్టూ మూడు అడుగుల్లో కాలే వస్తువు ఏదీ ఉండకూడదు, కర్రలు ఆరబెట్టడానికి పొయ్యి పక్కన పేర్చడం, పైన తాడు కట్టి తడి బట్టలు వెయ్యడం రెండూ మానెయ్యండి. చలికి కప్పుకున్న శాలువా అంచు, నైలాన్ చీర కొంగు కూర్చునేటప్పుడు బిగించి దోపుకోండి. పిల్లలకి ఆ మూడడుగుల దగ్గర సున్నంతో గీత గీసి చూపిస్తే వాళ్ళే ఒకరికొకరు కాపలా కాస్తారు.

గ్యాస్ సిలిండర్, కర్రల పొయ్యి ఒకే గదిలో పెట్టకండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోకుండా నేల మీదే పాకుతాది, మన కర్రల పొయ్యి ఉండేది కూడా నేల మీదే. ఇది చాలా ఇళ్ళల్లో చూస్తున్నా, దయచేసి ఇవాళే మార్చండి.

రాత్రి గదిలో కుంపటి

మసి కనపడతాది, పొగ వాసన వస్తాది, కానీ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు వాసనా లేదు. పొగ రాకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గులు భద్రం అనుకుని కుంపట్లో వేసుకుని మంచం కింద పెట్టుకుని తలుపులు బిగించి పడుకుంటారు, ఆ బొగ్గుల్లోంచే ఆ వాయువు ఎక్కువ వస్తాది. అది రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటాది, నిద్రలో ఉన్నవాళ్ళకి మెలకువ కూడా రాదు. బాలింతలున్న గదిలో కుంపటి పెట్టే ఆచారం మనకి ఉంది, పెద్దవాళ్ళతో గొడవ పడక్కర్లేదు, తల్లీబిడ్డా లేని టైమ్‌లో తలుపులు తీసి గది వెచ్చబెట్టి, వాళ్ళు వచ్చే ముందు కుంపటి బయట పెట్టెయ్యండి, తర్వాత వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టొచ్చు. కిటికీ కొంచెం తీసి ఉంచాం కదా అని ధైర్యం పెట్టుకోకండి, నిద్రపోయే గదిలో నిప్పు ఉండకూడదు అంతే.

నిప్పున్న ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతి వచ్చినట్టు, కళ్ళు తిరగడం, మత్తుగా ఉండటం జరిగి, బయటకి వస్తే తగ్గితే అది చలి జ్వరం కాదు. అందరినీ బయట గాలికి తీసుకురండి, తలుపులు తీసెయ్యండి, 108కి ఫోన్ చెయ్యండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతాది, పొయ్యి ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకటి కొని పడుకునే గదిలో పెట్టుకోవడం మంచిది.

గొట్టం అంటుకుంటే

కిరండూల్ రైలు లైన్‌లో గూడ్స్ బండి వంతెన మీద పోతున్నట్టు గొట్టంలోంచి మోత వస్తాది, పైన నిప్పురవ్వలు ఎగురుతాయి, గొట్టం ఎర్రబడొచ్చు కూడా, లోపల వేడి 1000 డిగ్రీల దాకా పోతాది. ముందు మనుషుల్ని, పశువుల్ని బయటకి పంపండి. ఇనప పొయ్యి అయితే తలుపు, గాలి రంధ్రాలు మూసెయ్యండి. మట్టి పొయ్యి అయితే మంట మీద ఇసుకో చల్లటి బూడిదో పోసి నోరు తడి మట్టితో మూసెయ్యండి. గొట్టం పై నుంచి నీళ్ళు పొయ్యొద్దు, ఆ వేడికి నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై గొట్టం పగిలి పోసినవాళ్ళ మీదకే వస్తాది. నీళ్ళు పోయాల్సింది చుట్టూ ఉన్న గడ్డి కప్పు మీద, కర్రల కుప్ప మీద. 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి, ఫైర్ బండి ఘాట్ రోడ్డు ఎక్కి రావడానికి టైమ్ పడతాది కాబట్టి ఆరిపోతాదేమో చూద్దాం అని ఆగకండి. ఆరిపోయాక కూడా కప్పు లోపల దూలాల్ని ఆ రాత్రంతా చూస్తూ ఉండాలి, గొట్టం మొత్తం విప్పి పగుళ్ళు, ఊడిన అతుకులు సరిచేసే దాకా ఆ పొయ్యి వెలిగించకూడదు.

ఎవరికైనా కాలితే కుళాయి కిందో చెంబుతోనో మామూలు చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ఆపకుండా పొయ్యండి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్, ఇంకు, పేడ, పసుపు, నూనె ఏదీ రాయొద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి, చర్మానికి అతుక్కున్న బట్టని మాత్రం లాగకండి. శుభ్రమైన పలచటి గుడ్డ వదులుగా కప్పి, అరచెయ్యి కంటే పెద్ద కాలుడు అయినా, మొహం, చేతులు, కీళ్ళ దగ్గర అయినా, చిన్నపిల్లలకి ఎంత కాలినా, ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.